నోరెండుతోందని ఎవరితో చెప్పుకోవాలి?

(ముక్త్యాలలో జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యహక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మన సభల్లో స్త్రీల ఆరోగ్యం అనగానే కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తీసివేతలు, రక్తహీనత చర్చకు వస్తాయి. అవి ముఖ్యమైనవే. వాటి మీద చేయవలసిన పోరాటం ఇంకా చాలా ఉంది. అయితే స్త్రీ శరీరమంటే గర్భసంచి ఒక్కటే కాదు. అందుకే ఇవాళ సభల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తుతున్నాను. అది ఉమ్మి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ నోట్లో ఉమ్మి ఊరకపోతే మనిషి తినలేదు, మింగలేదు, నాలుగు మాటలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడలేదు. ఉమ్మిని ఎండగట్టే జబ్బు ఒకటుంది. ఆ జబ్బున్న ప్రతి 10 మందిలో 9 మంది స్త్రీలే.

దాని పేరు షోగ్రెన్ వ్యాధి. మన డాక్టర్లలో కొందరు జోగ్రెన్స్ సిండ్రోమ్ అని పలుకుతారు. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఏ మందు వేసుకోవాలో చెప్పడం నా పని కాదు. ఈ జబ్బులో ఆడ మగ తేడా ఎక్కడుంది, అందులో శరీరం చేసిందెంత, సమాజం చేసిందెంత అన్నది మాత్రం నేను అడగవలసిన ప్రశ్నే. మీరూ అడగవలసినదే.

ముందు జబ్బు ఏమిటో చూద్దాం. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే తెల్లకణాలుంటాయి. అవి దారితప్పి సొంత ఒంటినే శత్రువనుకుని దాడిచేస్తే వచ్చే వాటిని ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. కీళ్లవాతం, లూపస్ అలాంటివే. షోగ్రెన్‌లో ఆ దాడి ముఖ్యంగా కన్నీటి గ్రంథుల మీదా లాలాజల గ్రంథుల మీదా జరుగుతుంది. చెవుల కింద, దవడ కింద, నాలుక కింద పెద్ద గ్రంథులుంటాయి. పెదవి లోపలి వైపు చిన్నచిన్న గ్రంథులు వందలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇవన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుస్తాయి. షోగ్రెన్ ఉన్నవాళ్లలో ఈ గ్రంథుల నాళాల చుట్టూ తెల్లకణాలు గుంపులు కడతాయి. పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గుంపులు కనిపిస్తాయి. 4 చదరపు మిల్లీమీటర్ల మేరలో 50కి పైగా కణాలున్న గుంపు ఒక్కటైనా ఉంటే అది జబ్బుకు గట్టి సాక్ష్యం.

ఉమ్మి తగ్గితే ఏమవుతుంది? అటుకులు, మరమరాలు, జొన్నరొట్టె లాంటివి నీళ్లు తాగకుండా గొంతు దిగవు. కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి చెంబెత్తాలి. పళ్లు చిగుళ్ల దగ్గర పుచ్చి ఒక్కొక్కటీ రాలిపోతాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నా నిలవవు. చెవుల కింద గ్రంథులు వాస్తే గవదబిళ్లలనుకుని ఆకుపసరు పూస్తారు. గవదబిళ్లలు మళ్లీమళ్లీ రావు. వాపు మళ్లీమళ్లీ వస్తుంటే అది ఇంకేదో అని అనుమానించాలి.

ఇప్పుడు మన మెట్ట ప్రాంతానికి వద్దాం. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల చేలల్లో మిరప కోసేదీ, పత్తి తీసేదీ ఆడవాళ్లే. ఈ జబ్బున్న స్త్రీ ఒకామె మిరప కోతకు వెళుతోందనుకోండి. కంట్లో తడి లేదు కాబట్టి మిరప ఘాటుకు కళ్లు మండుతాయి. నోట్లో తడి లేదు కాబట్టి గడియ గడియకూ నీళ్లు తాగాలి. నీళ్లు తాగితే ఒంటికి వెళ్లాలి. చేను గట్టున ఆడవాళ్లకు మరుగు లేదు. అందుకని ఆమె నీళ్లు మానేస్తుంది. కృష్ణ ఇంత దగ్గరలో పారుతున్న ఊళ్లో నోరెండబెట్టుకుని పనిచేస్తుంది. జబ్బు ఇచ్చిన కష్టం ఒకటైతే, మరుగుదొడ్డి లేకపోవడం దాన్ని రెండింతలు చేస్తుంది. అదే జబ్బున్న మగవాడు చెట్టుచాటుకు వెళ్లి వస్తాడు. గ్రంథికి జరిగిన నష్టం ఇద్దరికీ సమానమే అయినా బాధ సమానం కాదు. ఈ తేడా ఏ రక్తపరీక్షలోనూ తేలదు.

ఈ జబ్బు చరిత్ర కూడా మనకు పాఠమే. 1888లో మికులిచ్ అనే వైద్యుడు కోనిగ్స్‌బర్గ్‌లో 42 ఏళ్ల రైతు ఒకరి కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు వాచిన సంగతి వివరించాడు. అదే ఏడాది లండన్‌లో హాడెన్ అనే డాక్టరు నోరు పూర్తిగా ఎండిపోయిన 65 ఏళ్ల స్త్రీ గురించి చెప్పాడు. మగరోగిలో కనబడిన వాపుకు మికులిచ్ వ్యాధి అని పేరు నిలిచింది. ఆడరోగి ఎండిన నోటికి ఏ పేరూ నిలవలేదు. 1933లో స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ తన సిద్ధాంత గ్రంథంలో 19 మంది రోగుల గురించి రాశాడు. 19 మందీ స్త్రీలే. ఎక్కువమంది ముట్లుడిగినవాళ్లు. 13 మందికి కీళ్లవాతం కూడా ఉంది. కళ్లెండటం, నోరెండటం, కీళ్లనొప్పులు వేరువేరు బాధలు కావని, అంతా ఒకే జబ్బని ఆయన చెప్పాడు. విశ్వవిద్యాలయంలో బోధనకు అర్హత వచ్చేంత మంచి శ్రేణి ఆ గ్రంథానికి దక్కలేదు. 1943లో ఆస్ట్రేలియాలో ఇంగ్లీషులోకి అనువాదమయ్యాకే ప్రపంచం దాన్ని చదివింది.

1953లో ఇద్దరు అమెరికా డాక్టర్లు మికులిచ్ వ్యాధీ షోగ్రెన్ వ్యాధీ ఒకటేనన్నారు. చాలాకాలం అదే నడిచింది. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో జపాన్ పరిశోధకులు అవి రెండూ వేరని తేల్చారు. మికులిచ్ చెప్పిన తరహా వాపులో ఐజీజీ-4 అనే ప్రతిరక్షకం రక్తంలో పెరుగుతుంది. స్టెరాయిడ్లకు తొందరగా లొంగుతుంది. అందులో మగవాళ్ల పాలు షోగ్రెన్‌లో కంటే చాలా ఎక్కువ. ఆడ మగ తేడాను పట్టించుకోకుండా రెండు జబ్బుల్ని ఒకే గాటన కట్టేస్తే, సులభంగా తగ్గే వాపునూ తగ్గని పొడినీ ఒకే రకంగా చూడవలసి వచ్చింది. తేడాను గమనించడం స్త్రీలకు మాత్రమే మేలు చేసే పని కాదు, అది శాస్త్రానికే మేలు.

ఇక స్త్రీలకే ఇది ఎందుకు ఎక్కువ? ఇంతవరకు తెలిసినవి రెండు దారులు.

మొదటిది ఎక్స్ క్రోమోజోము. స్త్రీకి ఎక్స్‌లు రెండు, పురుషుడికి ఒకటి. స్త్రీ కణంలో ఒక ఎక్స్ నిద్రపోతుంది. కానీ పూర్తిగా నిద్రపోదు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే టీఎల్ఆర్-7 వంటి జన్యువులు కొన్ని మెలకువగానే ఉంటాయి. పుట్టుకతో మూడు ఎక్స్‌లున్న స్త్రీలకు షోగ్రెన్ వచ్చే అవకాశం మామూలు స్త్రీల కంటే దాదాపు మూడు రెట్లని 2016లో అచ్చయిన పరిశోధన చెప్పింది. రెండు ఎక్స్‌లు, ఒక వై ఉన్న మగవాళ్లలో కూడా ఈ జబ్బు మిగతా మగవాళ్లలో కంటే ఎక్కువే. అంటే ఇది ఆడవాళ్ల బలహీన మనసు వల్లా, చాదస్తం వల్లా వచ్చేది కాదు.

రెండోది హార్మోన్లు. లాలాజల గ్రంథి కణాలు బాగుండాలంటే ఈస్ట్రోజెన్‌తో పాటు మనం పురుష హార్మోన్లని పిలిచేవి కూడా కావాలి. మగవాడికి అవి వృషణాల నుంచి నేరుగా అందుతాయి. స్త్రీ గ్రంథి మాత్రం అడ్రినల్ గ్రంథి పంపే డీహెచ్ఈఏ అనే ముడిసరుకుతో చాలావరకు తానే తయారుచేసుకోవాలి. షోగ్రెన్ ఉన్నవాళ్ల గ్రంథుల్లో ఆ తయారీ దెబ్బతింటుందని ఫిన్లాండ్ పరిశోధకులు చూపారు. ముట్లుడిగి ఈస్ట్రోజెన్ కూడా తగ్గే వయసులో రెండు ఆసరాలూ ఒక్కసారే పోతాయి. అయితే హార్మోను మాత్రలు మింగితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. డీహెచ్ఈఏ ఇచ్చి పరీక్షించారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే దానివల్ల ఎక్కువ మేలు కనిపించలేదు.

ఎలుకల్లో ఇంకో విచిత్రం కనబడింది. ఎన్ఓడీ అనే జాతి ఎలుకలకు ఈ తరహా జబ్బు దానంతటదే వస్తుంది. ఆడ ఎలుకల్లో లాలాజల గ్రంథులు ఎక్కువగా దెబ్బతింటాయి, మగవాటిలో కన్నీటి గ్రంథులు. ఒకే జబ్బు ఆడ మగ ఒళ్లలో వేరువేరు గ్రంథుల్ని ఎంచుకోగలదని దీనివల్ల తెలుస్తోంది. మనుషుల్లో లెక్క ఇంత తేటగా లేదు. మొత్తం మీద పెద్ద లెక్కలు చెబుతున్నది ఇది: నోరు, కళ్లు ఎండే బాధ స్త్రీలలో ఎక్కువ. జబ్బు వచ్చిన కొద్దిమంది మగవాళ్లలో ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవాలు దెబ్బతినడం ఎక్కువ. ఈ జబ్బున్నవాళ్లలో ప్రతి 100 మందిలో 5 మంది వరకు లింఫ్ గ్రంథుల క్యాన్సర్ బారిన పడతారు. ఆ ప్రమాదం మగవాళ్లకు ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక్కడ మనం ఆగి అడగాలి. మగవాళ్లకు జబ్బే తీవ్రంగా వస్తోందా? లేక ఇది ఆడవాళ్ల జబ్బులే అని డాక్టరు వాళ్లను పరీక్షించకపోవడం వల్ల ముదిరాకే బయటపడుతోందా? రెండూ ఉండవచ్చు. పితృస్వామ్యం మగవాడికి కూడా మేలు చేయని సందర్భాల్లో ఇదొకటి. అమెరికాలో 1993లో చట్టం చేసేదాకా మందుల పరీక్షల్లో స్త్రీలను చేర్చుకోవడం తప్పనిసరి కాలేదు. షోగ్రెన్ విషయంలో మాత్రం పరీక్షల నిండా స్త్రీలే ఉంటారు. మగవాళ్లు చాలా కొద్దిమందే ఉంటారు. అక్కడ మగవాళ్ల గురించే తెలియకుండా పోతుంది. ఇద్దరినీ చేర్చుకోవాలి, ఫలితాలు ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి. మనం కోరే సమానత్వం అదే.

ఇంకో సంగతి. నోరెండిందని నిర్ధారించడానికి 15 నిమిషాలు గిన్నెలో ఉమ్మి పట్టిస్తారు. నిమిషానికి 0.1 మిల్లీలీటరు, అంటే మొత్తం ఒకటిన్నర మిల్లీలీటరు మించకపోతే ఎండిందని లెక్క. ఈ గీత ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే స్త్రీల గ్రంథులు చిన్నవి, వాళ్ల ఉమ్మి కూడా కొంత తక్కువ. పెద్ద చెరువుకూ చిన్న కుంటకూ ఒకే కొలబద్ద పెట్టినట్టుంది ఇది. గీత మార్చాలని నేననడం లేదు. గీసేటప్పుడు ఈ తేడా ఎవరి దృష్టిలో ఉందో అడుగుతున్నాను.

శరీరం చేసింది ఇంతవరకు. సమాజం చేసేది దీని తర్వాత మొదలవుతుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు మన తెలుగువాళ్లు ఎందరో వైద్యానికి వెళుతుంటారు. అక్కడి డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన 300 మందికి పైగా షోగ్రెన్ రోగుల వివరాలు 2015లో ప్రచురించారు. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. నోరెండుతోందని, కళ్లెండుతున్నాయని తమంతట తాముగా చెప్పినవాళ్లు చాలా కొద్దిమంది. డాక్టరు విడమరిచి అడిగితే అవునన్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. తక్కినవాళ్లు కీళ్లనొప్పులని, జ్వరమని, నీరసమని వచ్చారు. మన దేశంలో కాళ్లూ చేతులూ ఒక్కసారిగా చచ్చుబడి ఆసుపత్రికి చేరి, మూత్రపిండాలు పొటాషియాన్ని వదిలేస్తున్నాయని తేలి, వెనక్కి వెనక్కి వెళితే షోగ్రెన్ బయటపడిన స్త్రీలున్నారు.

ఎందుకు చెప్పలేదు? నోరెండటం ఒక జబ్బని మనకెవరూ నేర్పలేదు. ఎండలో పనిచేస్తే ఎండదా అంటారు ఇంట్లో. వయసైపోతే అంతేనంటారు అత్తలు. గ్యాస్ అంటాడు ఆర్ఎంపీ. టెన్షన్ అంటాడు పట్నం డాక్టరు. టెన్షన్‌కని రాసే మందుల్లో కొన్ని నోటిని ఇంకా ఎండగొడతాయి. మింగలేక అన్నం వదిలేసే స్త్రీని తిండి దగ్గర వంకలు పెడుతోందంటారు. ఇంటిల్లిపాదికీ ఘాటుగా వండిపెట్టి, తను మాత్రం మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటుంది. పేరు తెచ్చుకున్న స్త్రీలకూ ఇది తప్పలేదు. టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ ఏళ్ల తరబడి నీరసంతో, కీళ్లనొప్పులతో బాధపడి, 2011లో అమెరికన్ ఓపెన్ మధ్యలో తప్పుకుని తనకు షోగ్రెన్ ఉందని చెప్పింది. ప్రపంచంలోని వైద్యమంతా అందుబాటులో ఉన్న మనిషికే అన్నేళ్లు పడితే, ముక్త్యాల నుంచి జగ్గయ్యపేట వచ్చి, అక్కడ హైవే ఎక్కి విజయవాడ వెళ్లవలసిన కూలిస్త్రీకి ఎన్నేళ్లు పట్టాలి?

చెప్పుకోలేని సంగతులు ఇంకా రెండున్నాయి. అవి చెప్పకపోతే మన సమావేశానికి అర్థం లేదు. ఈ జబ్బు యోనిని కూడా ఎండగొడుతుంది. కాపురం నొప్పవుతుంది. ఆమె వద్దంటే ఇష్టం లేదని, ఇంకెవరి మీదో మనసుందని భర్త అనుమానిస్తాడు, కొడతాడు. మన దగ్గరికొచ్చే కుటుంబహింస కేసుల్లో ఈ ప్రశ్న మనం అడుగుతున్నామా?

రెండోది బిడ్డ. షోగ్రెన్ ఉన్న చాలామంది రక్తంలో యాంటీ-రో అనే ప్రతిరక్షకం ఉంటుంది. అది మాయ గుండా పిండానికి చేరుతుంది. అది ఉన్న తల్లులు 100 మంది గర్భం దాలిస్తే, ఒకరిద్దరి కడుపులో బిడ్డకు గుండె కొట్టుకునే వేగం ప్రమాదకరంగా పడిపోతుంది. ఎక్కువగా ఐదో నెల, ఆరో నెలల్లో. కొందరు బిడ్డలు కడుపులోనే పోతారు. తల్లికి అప్పటికి ఏ బాధా ఉండకపోవచ్చు. ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్లీ జరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత మలేరియా మందును గర్భం మొదటి నెలల నుంచే డాక్టరు పర్యవేక్షణలో వాడితే ఆ ప్రమాదం సగానికి పైగా తగ్గిందని 2020లో ఒక పరిశోధన చెప్పింది. మన ఊళ్లలో అలాంటి తల్లిని ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. గొడ్డుమోతు పిల్ల అంటారు, కాలు మంచిది కాదంటారు, కొడుక్కి మారుపెళ్లి చేస్తారు. ఒక్క రక్తపరీక్ష ఆమె మీద పడ్డ నిందను తుడిచేయగలదు.

మరి మనం ఏం చేయాలి? ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. ఉన్న మందులు మాత్రం ఉన్నాయి. మిగిలిన గ్రంథి భాగం చేత ఉమ్మి ఊరించే పైలోకార్పిన్ మాత్రను అమెరికా 1998లో ఈ జబ్బుకు ఆమోదించింది. కంటి చుక్కలు, పళ్ల సంరక్షణ, క్యాన్సర్ మీద ఓ కన్నేసి ఉంచడం, ఇవన్నీ మనిషి బతుకును మార్చగలవు. వీటికి ముందు జబ్బు బయటపడాలి. అందుకు కావలసింది అడగడం.

ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు కాగితం పట్టుకుని వెళుతున్నారు. బీపీ, షుగరు చూస్తారు. నోటి క్యాన్సర్ కోసం నోటి గురించి కూడా అడుగుతారు. మానని పుండు ఉందా, తెల్లమచ్చ ఎర్రమచ్చ ఉందా, నోరు తెరవగలుగుతున్నావా అని ఆ కాగితంలో ఉంది. నోరెండుతోందా అని లేదు. ఈ ప్రశ్న చేర్చమని మనం అడగాలి. చేర్చేదాకా మనమే అడగవచ్చు. పొరుగింటి పిన్నినో అత్తనో అడిగినట్టు అడగండి: "అత్తా, మూడు నెలలుగా రోజూ నోరెండుతోందా? అటుకులో రొట్టో తింటుంటే నీళ్లు లేకుండా దిగడం లేదా? కళ్లలో ఇసుక పోసినట్టుందా? చెవుల కింద మళ్లీమళ్లీ వాస్తోందా? కడుపులో బిడ్డ పోయిందా?" అవునన్న ప్రతి ఒక్కరికీ షోగ్రెన్ ఉన్నట్టు కాదు. షుగరు వల్ల, బీపీ మాత్రల వల్ల, మనసు బాగోలేదని వాడే మందుల వల్ల కూడా నోరెండుతుంది. అది తేల్చవలసినది డాక్టరు. డాక్టరు దాకా తీసుకెళ్లి, టెన్షన్ అని పంపేస్తే "కారణం పరీక్షించి చెప్పండి" అని నిలబడి అడగవలసినది మనం. ఇవే ప్రశ్నలు మగవాళ్లను కూడా అడగండి.

రెండో పని, పొలాల దగ్గర, కల్లాల దగ్గర ఆడకూలీలకు తాగునీరు, మరుగుదొడ్డి అడగడం. దీన్ని మనం గౌరవం పేరుతో అడుగుతూ వచ్చాం. ఇది వైద్యం కూడానని ఇకనుంచి చెబుదాం.

మూడోది, ఈ జబ్బున్న స్త్రీలు ఒకరికొకరు తెలియాలి. 1991లో హైదరాబాదు అన్వేషి మిత్రులు "సవాలక్ష సందేహాలు" తెచ్చినప్పుడు ఒళ్లు గురించి అడగడం సిగ్గుచేటు కాదని ఎందరో తెలుగు స్త్రీలకు తెలిసింది. విదేశాల్లో రోగుల సంఘాలు నిపుణులతో కలిసి కూర్చుని ఈ మధ్యే జబ్బు పేరును కూడా మార్పించాయి. లక్షణాల మూట అని అర్థమొచ్చే సిండ్రోమ్ అన్న మాట తీసేసి, ఇది వ్యాధి అని పిలవాలన్నారు. మన ప్రాంతంలోనూ ఈ స్త్రీలు కలుసుకునే చోటు కావాలి. అది ఈ సంఘం గదే కావచ్చు.

స్త్రీలకు ఈ జబ్బు ఎక్కువ రావడానికి క్రోమోజోములు, హార్మోన్లు కారణం. దాన్ని మనం ఇవాళే మార్చలేం. అది ఆలస్యంగా బయటపడటానికీ, మందు అందకపోవడానికీ, నింద పడటానికీ కారణం క్రోమోజోములు కావు. ఆ సగం మన చేతుల్లో ఉంది. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు కనీసం పదిమందిని అడిగి రండి. ఎంతమంది అవునన్నారో, ఎంతకాలంగా ఎవరికీ చెప్పకుండా ఉన్నారో రాసుకు రండి. పేర్లు వద్దు. ఆ కాగితాలతోనే జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళదాం.